కడ మడి వంతు

కాలనీకి వచ్చిన కొత్తలో కుప్పుస్వామి చేసిన మొదటి ఘనకార్యం, అందరి నీళ్ళూ ఆపేయడం.

పాపం, ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చే మనిషి. లేచి వీధిలోకి వచ్చి చూస్తే, మలుపులో ఉన్న కొళాయి ధారగా కారిపోతోంది. పట్టుకునేవాళ్ళు లేరు, కింద బురద చేరి పందులు పొర్లుతున్నాయి. కట్టేద్దామంటే పిడి విరిగి ఉంది. నీళ్ళు అట్లా దండగగా పోతుంటే చూస్తూ నిలబడటం ఆయన పుట్టి ఎరగడు. ఊళ్ళో కాలవ వెంట పైకి నడిచినట్టే, ఇక్కడ గొట్టం వెంట పైకి నడిచాడు. గొట్టం పోయి పోయి పెద్ద ట్యాంకు కాళ్ళ దగ్గర తేలింది. అక్కడున్న వాల్వును రెండు చేతులతో బిగించి కట్టేసి, ఒక పని చక్కబెట్టిన తృప్తితో ఇంటికొచ్చి పళ్ళు తోముకున్నాడు.

ఆ పొద్దు కాలనీలో స్నానాల్లేవు, వంటల్లేవు. కంపెనీ బస్సులకు పోవాల్సిన పిల్లలు ముఖాలు కడుక్కోకుండానే ఎక్కిపోయారు. చివరికి ఎవరో ట్యాంకు దగ్గరికి పోయి చూస్తే సంగతి బయటపడింది. కుప్పుస్వామి దాచుకోలేదు, "నేనే కట్టేసినా, నీళ్ళు వూరికే పోతా ఉండాయి" అని గర్వంగానే చెప్పాడు. ఎర్రదిబ్బ ఊరి మునికృష్ణకు ఒళ్ళు మండింది. రెండు పాడి ఆవులున్నవాడు, పాలు పిండే వేళ నీళ్ళు లేక అవస్థ పడి వచ్చాడు. "నీళ్ళు నీ అబ్బ సొత్తా?" అని పెద్దాయన మెడ పట్టి నూకాడు. పైగుడ్డ జారి బురదలో పడింది. చూస్తున్నవాళ్ళు నవ్వారు.

గుంపులోంచి కూతురు కోమలి వచ్చింది. పైగుడ్డ తీసి, పిండి, తండ్రి భుజాన వేసింది. "మా నాయనకు తెలీకన్నా. ఊర్లో ఆయన పనే అది" అని మునికృష్ణతో అని, తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ పొద్దు మంచమెక్కిన కుప్పుస్వామి చాలా కాలం మళ్ళీ వీధి ముఖం చూడలేదు.

ఊర్లో ఆయన పని నిజంగా అదే. నెమలిగుంటపల్లె చెరువుకు కుప్పుస్వామి నీరుగట్టి. అంటే, చెరువు నీళ్ళను మడి మడికీ పంచేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో, ఈ పొద్దు ఎవరి మడికి కాలవ తిప్పాలో ఆయన చెప్పాలి. ఎంత పెద్ద రైతైనా తన మడికి తానే నీళ్ళు తిప్పుకుంటే తప్పు కింద లెక్క. తాత, తండ్రి, తరవాత ఈయన, ఇంట్లో మొగవాళ్ళ చేతులు మారుతూ వచ్చిన పని. చేతిలో ఒక వెదురు కట్టె, నడుముకు బిగించిన పంచె, ఇంతే ఆయన హోదా. పంట కల్లంలోకి వచ్చాక రైతులు కొలిచిచ్చే గింజలే కూలి. ఆయనకు కూడా చెరువు కింద ఒక చిన్న మడి ఉండేది, కాలవ చిట్టచివర. అందరి మడులూ తడిసి, మిగిలితేనే దానికి నీళ్ళు. పంచేవాడి మడి చివర ఉంటే, నడుమ ఎవరికీ నీళ్ళు తగ్గకుండా వాడే చూసుకుంటాడు. ఈ కట్టుబాటు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, మనిషి బుద్ధిని బాగా చదివినవాడు.

కొండల నడుమ రిజర్వాయరు కట్టారు. నెమలిగుంటపల్లె, దాని పక్కనున్న ఎర్రదిబ్బ రెండూ మునిగాయి. బతుకంతా నీళ్ళు పంచిన మనిషి ఊరిని నీళ్ళే మింగాయి. దీని మీద ఎవరికి మొర పెట్టుకోవాలో కుప్పుస్వామికి అర్థం కాలేదు.

రెండు ఊళ్ళవాళ్ళనీ తెచ్చి, పూతలపట్టు క్రాసు దాటాక చిత్తూరు రోడ్డు పక్కన ఒక రాళ్ళ మిట్ట మీద దించారు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు కట్టి, చీటీలు తీసి, ఎవరికి ఏ ఇల్లు వస్తే అది అన్నారు. చీటీకి కులం తెలీదు, పొలం తెలీదు. ఊళ్ళో చెరువు కింద సగం మడులు తనవే అయిన జ్ఞానాంబకు, ఆ మడులను తడిపిన కుప్పుస్వామికి ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్ళు వచ్చాయి. ఆమె గడప ఆయన ఏనాడూ తొక్కి ఎరగడు. ఊళ్ళో "ఒరే కుప్పుస్వామీ" అని పిలిచిన ఆ ముసలావిడ, ఇక్కడికి వచ్చాక ఏమని పిలవాలో తోచక చాలా రోజులు పిలవడమే మానేసింది.

కాలనీలో పెద్దల పని పోయింది, పిల్లల పని పెరిగింది. ఊళ్ళో చెరుకు నరికి, బెల్లం వండి, ఎండాకాలం ఎండిన చెరువులో క్రికెట్టు ఆడిన మొగపిల్లలు మెడలో కంపెనీ బిళ్ళలు వేసుకుని పొద్దున్నే బస్సెక్కుతున్నారు. మేకల వెనక కొండలెక్కిన ఆడపిల్లలు జ్యూస్ ఫ్యాక్టరీలో తలకు టోపీ పెట్టుకుని మామిడికాయలు ఏరుతున్నారు. సంతలో ఎద్దుల బేరానికి పోతే తిరుగులేని తండ్రి, బ్యాంకు మిషను ముందు నోరు తెరుచుకుని నిలబడితే, పదో తరగతి పాప "జరుగు నాయనా" అని పక్కకు తోసి పని ముగించేది. ఆసుపత్రిలో అమ్మ నొప్పి ఎక్కడో చెప్పేది కొడుకు. కరెంటు ఆఫీసులో గొడవ పడేది కూతురు. మీరు ఇంటికి పెద్దలు అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి చేశారు. ఆ పిల్లలను తల్చుకుంటే నాకు ముచ్చటేస్తుంది, ఆ ఏర్పాట్లు చేసిన ఆఫీసులను తల్చుకుంటే మాత్రం పళ్ళు కొరకాలనిపిస్తుంది.

ఆ పిల్లల్లో కోమలిది గట్టి గొంతు. ఇంటరు దాకా చదివింది. మాట్లాడితే నాలుగిళ్ళకు వినిపిస్తుంది, నవ్వితే ఎనిమిదిళ్ళకు. ఊళ్ళో ఉండగా పొద్దున మేకలు తోలుకుపోవడం, మధ్యాన్నం తండ్రికి సంగటి, ఊరిబిండి పచ్చడి కట్టుకుని చెరువు దగ్గరికి పోవడం, ఆయన తినేదాకా గట్టున కూర్చుని కాలవ తిప్పడం చూడటం, ఇదే ఆమె దినచర్య. ఇది నేర్చుకో అని కుప్పుస్వామి ఎప్పుడూ అనలేదు. ఆడపిల్లకు ఆ పని ఎందుకు నేర్పుతాడు? కాలనీకి వచ్చాక మామిడి కాలంలో ఫ్యాక్టరీ, మిగతా నెలల్లో చిత్తూరులో బట్టలు కుట్టే యూనిట్. తండ్రి పాత చొక్కా ఒకటి చుడీదారు మీద తొడుక్కుని, జేబులో బొరుగులు పోసుకుని, నములుతూ బస్సెక్కేది. ఇంట్లో ఫోను ఆమెదే, రేషను ఆమెదే, తండ్రి బీపీ మాత్రలు ఆమె బాధ్యతే. తల్లి వరదమ్మ ఇంట్లో పొయ్యి చూసుకుంటూ, ఈ పిల్ల నోటికి మొగుడెట్లా దొరుకుతాడో అని దిగులుపడేది.

రెండో ఎండాకాలానికి కాలనీ బోర్లు ఎండిపోయాయి. పెద్ద ట్యాంకు మోడుగా నిలబడింది. పంచాయతీ వాళ్ళు రోజూ పొద్దున ఒక ట్యాంకరు పంపసాగారు. అది వీధి మలుపు తిరగ్గానే యుద్ధం మొదలు. బలమున్నవాళ్ళు పైకెక్కి మూత తీసి పైపులు దించేవాళ్ళు. మునికృష్ణ పైపు అందరికంటే లావు, అది ఒకసారి దిగిందంటే ట్యాంకరు కడుపు లోపలికి పోయేది. ఆడవాళ్ళు కింద బిందెలతో తోసుకునేవాళ్ళు. రెండు ఊళ్ళ మధ్య లేని పగలు కొత్తగా పుట్టుకొచ్చాయి. ఒక పొద్దు ఆ తోపులాటలో జ్ఞానాంబ కింద పడింది. ఒంటి మనిషి. మోచెయ్యి గీరుకుపోయింది, బిందె ట్యాంకరు చక్రం కింద పడి అణిగిపోయింది. నీళ్ళు పట్టుకోవడంలో ఉన్నవాళ్ళెవరూ ఆమెను లేపలేదు.

ఫ్యాక్టరీకి బయల్దేరిన కోమలి ఆమెను లేపి కూర్చోబెట్టింది. జ్ఞానాంబ ఏడవలేదు. అణిగిన బిందెను ఒళ్ళో పెట్టుకుని, "మన సెరువు కింద ఎంత కరువొచ్చినా ఇట్ల కొట్టుకున్నామా మే?" అని మాత్రం అడిగింది. కోమలికి ఆ పొద్దు బస్సు తప్పిపోయింది. తిన్నగా ఇంటికి పోయి, సజ్జ మీద గుడ్డలో చుట్టి పెట్టిన వెదురు కట్టె దించింది.

మంచం మీద కుప్పుస్వామి లేచి కూర్చున్నాడు. "యాడికి?"

"వంతు పెట్టేదానికి. నువ్వు రా నాయనా. నువ్వొస్తే నేను కట్టె ముట్టను."

"నేను రాను. ఆ జనాల మొగం సూడను." ఆయన సజ్జ వైపు చెయ్యి చూపాడు. "నువ్వు ఆ కట్టె ఆడ పెట్టు. మన ఇంట్లో ఆడోళ్ళు తూము కాడికి పోగూడదు. మా తాత నాటి నుంచి ల్యానిది నువ్వు తెస్తావా?"

"ఈడ తూము యాడుండాది నాయనా? సెరువే లేదు గదా. ట్యాంకరుండాది, పోట్లాటుండాది."

"అయితే నాతో మాట్లాడద్దు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్న మాట మీద నిలబడే మనిషి, ఆ రోజు నుంచి నిజంగానే మాట్లాడలేదు. కోమలికి కావలసింది పెద్దదేమీ కాదు. కాలనీలో అందరికీ నీళ్ళు దొరకాలి, నాయన తనతో మాట్లాడాలి. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని తిన్న పిల్లకు ఆయన మౌనం భరించడం చాలా కష్టమైంది. అయినా కట్టె మళ్ళీ సజ్జ ఎక్కించలేదు.

ఫ్యాక్టరీలో బతిమాలి మధ్యాన్నం షిఫ్టుకు మారింది. మరునాడు పొద్దున ట్యాంకరు ఆగీ ఆగగానే పైకి ఎగబాకి, మూత మీద కూర్చుంది. ఒంటి మీద తండ్రి చొక్కా, చేతిలో తండ్రి కట్టె.

"ఈ పొద్దు నుంచి పైపులు లేవు!" అని అరిచింది. "కరువొస్తే మన సెరువు కింద ఇంటికొక మడే తడిసేది. ఈడ ఇంటికొక డ్రమ్ము. ఈ పొద్దు కడ ఇంటి నుంచి మొదలు, రేపు ఈ కొస నుంచి మొదలు. మా ఇల్లు యెప్పుడైనా కడానే."

ముందు నవ్వులు లేచాయి. ఎవరో ఈల వేశారు. నెమలిగుంటపల్లెవాళ్ళ నవ్వులు మాత్రం సగంలో ఆగాయి, ఆ మాటలు వాళ్ళకు తెలుసు. జ్ఞానాంబ చేతికి పసుపు పట్టీ కట్టుకుని ముందుకు వచ్చింది. "అది కుప్పుస్వామి వంతు. దానికి అడ్డమొచ్చే మొగోడెవడో రండి, నేనూ సూస్తా" అంది. ఊళ్ళో ఆమె గొంతుకున్న పలుకుబడి ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు. డ్రమ్ములు వరసలోకి వచ్చాయి.

ఎర్రదిబ్బవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ ఊరికి చెరువు లేదు, అన్నీ బావులే. బావి ఎవరిదో నీళ్ళు వాళ్ళవి. వంతు అనే మాట వాళ్ళ బతుకులో లేదు. మునికృష్ణ ఆ పొద్దు పళ్ళు బిగించి ఒక డ్రమ్ము నీళ్ళు తీసుకుపోయాడు. మరునాడు డ్రమ్ముతో రాలేదు, రెండు ఆవులను తోలుకుని వచ్చాడు. ట్యాంకరు ముందు చక్రానికి కట్టేసి, పైన ఉన్న కోమలిని చూశాడు.

"ఇంటికొక డ్రమ్మంటివే, ఇవి ఏ ఇంటివి పాపా? మేం నలుగురం, ఇవి రెండు. మేం తాగాల్నా, ఇవి తాగాల్నా? ఈటికి వంతు సెప్పు."

ఒక ఆవు మెడ సాచి, గొట్టం కొస నుంచి పడే చుక్కలను నాకుతోంది. కోమలి మాట తడుముకోవడం కాలనీ చూడటం అదే మొదలు. "అమ్మేసుకో పో నీ ఆవుల్ని" అని ఎవరో గుంపులోంచి అరిచారు. ఆ మాటకు ఆమెకు తలకొట్టేసినట్టయింది. తన వంతు తప్పు కాబట్టే వాడు అట్లా అనగలిగాడని తోచింది. ఆమె మూత మీద నుంచి పక్కకు జరిగింది. మునికృష్ణ పైపు దించాడు, ఆయన్ను చూసి ఇంకొకరు, ఇంకొకరు. కట్టె పక్కన పెట్టుకుని, ఆమె మూత పక్కన అట్లాగే కూర్చుండిపోయింది.

ఇంటికి వచ్చి సంగటి ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. "ఊరి పెత్తనం నీకెందుకుమే?" అని వరదమ్మ మొదలుపెట్టింది. "మొగోళ్ళే మూల కూసున్నారు. బస్సుకు టైమైతా ఉండాది, తిను."

"యాడనో తప్పు సేసినామ్మా. సిన్నప్పటి నుంచి సూసిన పనే గదా. ఏం మరిసినానో తెలీడం లేదు."

గోడవైపు తిరిగి ఉన్న మంచం మీద నుంచి మాట వినిపించింది.

"తొట్టి నింపినావా?"

తల్లీ కూతుళ్ళిద్దరూ అటు తిరిగారు. కుప్పుస్వామి వెనక్కి తిరగలేదు. గోడకే చెబుతున్నాడు.

"మన తూము తీస్తే మొదట నీళ్ళు యాడికి పోతాయి? మడికా? తూము పక్కన తొట్టికి. ఊరి గొడ్లన్నీ తాగినాకనే కాలవ తిప్పేది. గొడ్లు వంతు అడగలేవు గదా. ఆ మాత్రం తెలీకుండా కట్టె పట్టుకున్నావే."

కోమలి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆ తొట్టి ఆమె రోజూ చూసిందే. తన మేకలు రోజూ తాగింది అందులోనే. కళ్ళ ముందు ఎప్పుడూ నిండుగా ఉండటం వల్ల, అది కూడా వంతులో భాగమే అనీ, అదే మొదటి వంతు అనీ ఆ పిల్లకు తట్టనే లేదు. తిట్టో దెప్పో, నాయన మాట్లాడాడు. ఆ సంతోషంలో ఇంకో ముద్ద అడిగి పెట్టించుకుంది. అడిగిందానికి జవాబు చెబుదామని మంచం దగ్గరికి పోతే మాత్రం ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఫ్యాక్టరీకి పోతూ పోతూ మునికృష్ణ ఇంటి ముందు ఆగింది. ఆయన పాక కింద ఆవులకు గడ్డి వేస్తున్నాడు.

"అన్నా, తప్పు నాది. గొడ్ల వంతు ముందు రావాల, నేను మరిసినా. రేపటి నుంచి ముందు వాటికే. ఇది నేను సెప్పే మాట గాదు, మా నాయన సెప్పినాడు."

మునికృష్ణ చేతిలో గడ్డి అట్లాగే ఉంది. "మీ నాయన్నా? ఆ పొద్దు నేను మెడ పట్టి నూకితి గదమ్మా. ఆయన నా ఆవుల కోసం సెప్పినాడా?" అని అడిగాడు.

"ఆవులు నిన్ను నూకమని సెప్పలేదు గదన్నా" అని కోమలి నవ్వింది. మునికృష్ణ నవ్వలేకపోయాడు.

ఇళ్ళు కట్టేటప్పుడు మేస్త్రీలు ఇటుకలు తడిపిన సిమెంటు తొట్టి ఒకటి మలుపులో పడి ఉండేది, ముళ్ళతో, పగిలిన సీసాలతో నిండి. మరునాడు తెల్లవారేసరికి దాన్ని ఎవరో శుభ్రంగా ఊడ్చి, కడిగి పెట్టారు. ఎవరని కోమలి అడగలేదు. మునికృష్ణ చేతివేళ్ళకు గుడ్డ కట్టు ఉంది, అది చూస్తే చాలు. ట్యాంకరు నుంచి మొదట తొట్టి నిండింది. ఆవులు, ఎనుములు, ఎవరివో మేకలు, చివరికి వీధి కుక్కలు కూడా తాగాయి. తరవాత డ్రమ్ములు కదిలాయి. మునికృష్ణ తన లావు పైపును చుట్ట చుట్టి పాకలో వేలాడదీశాడు. దాన్ని మళ్ళీ దించలేదు.

అప్పటి నుంచి కాలనీ ఆమెను నీరుగట్టి కోమలి అనసాగింది. మొదట ఎగతాళిగా అన్నారు, నెలకల్లా మామూలుగానే అంటున్నారు. పని అంటే నీళ్ళు పోయడం ఒక్కటే కాదు. మనుషులు ఎంత తెలివి చూపిస్తారు! ఒకాయన ఇంటికొక డ్రమ్ము అంటే మనిషెత్తు డ్రమ్ము ఒకటి ఎక్కడి నుంచో దొర్లించుకొచ్చాడు. ఇంకొకాయన పెళ్ళాంతో గొడవపడి వేరు పడ్డామని, రెండో వంతు కావాలన్నాడు. "పొయ్యి వేరైతే వంతు వేరన్నా. పద, నీ పొయ్యి సూపించు" అని కోమలి ట్యాంకరు దిగింది. ఆయన పెళ్ళాం గుంపులోనే ఉంది, నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రానికి వాళ్ళ కాపురం చక్కబడిందని విన్నాను. కోమలి ఎవరినీ తిట్టేది కాదు. అరిచేది, నవ్వించేది, కట్టెతో ట్యాంకరు మీద కొట్టి వరస నిలబెట్టేది. మధ్యాన్నం ఫ్యాక్టరీకి పోయి, నిలబడి మామిడికాయలు ఏరేది. ఇన్ని పనులు చేస్తూ ఆ పిల్ల ముఖం చిట్లించుకోవడం నేను చూడలేదు.

కష్టమంతా వరదమ్మకు వచ్చింది. తమ వంతు చివర. కొన్ని రోజులు డ్రమ్ము సగం కూడా నిండదు. "ఊరికంతా పోసేది నువ్వు, కుండ అడుగు గోక్కునేది నేను. ఒక్కరోజు ముందు పట్టుకుంటే ఏం మునిగిపోతాది?" అనేది. అంటూనే తన స్నానం మానుకుని కూతురి తలకు నీళ్ళు మిగిల్చేది. ఒకరోజు గొంతు తగ్గించి, "మీ నాయన రోజూ కిటికీ కాడ నిలబడి నిన్నే సూస్తా ఉండాడే. నువ్వు ఇంటి పక్కకు తిరిగితే మంచమెక్కుతాడు" అని చెప్పింది. కోమలి మరునాటి నుంచి ట్యాంకరు మీద ఇంటివైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన చూసుకోనీ అని.

కత్తెర ఎండలు ముదిరాయి. ఒక పొద్దు ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది, వచ్చింది కూడా వెలితిగా వచ్చింది. దారిలో ఎక్కడో కారిపోయిందన్నాడు డ్రైవరు. కోమలి మూత తీసి కట్టె దించి చూసింది. తడిసిన చోట వేలు పెట్టి పైకెత్తి అందరికీ చూపించింది. "ఈ పొద్దు డ్రమ్ము నిండదు. తొట్టి తరవాత అందరికీ అరడ్రమ్ము. కడ ఇంటి నుంచి రాండి."

సణుగుడు మొదలైంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఇన్నాళ్ళు నిలబడిన వరస ఆ పొద్దు వంకరలు పోయింది. ఒకరిద్దరు బిందెలతో పక్కనుంచి ముందుకు జరిగారు. ఇది ఒకసారి తెగిందంటే మళ్ళీ అతకదని కోమలికి తెలుసు. కట్టెతో ట్యాంకరు మీద గట్టిగా కొట్టింది. అప్పుడే గుంపు వెనక నుంచి మాటలు ఆగిపోతూ వచ్చాయి, తలలు అటు తిరిగాయి.

కుప్పుస్వామి వస్తున్నాడు. బురదలో పైగుడ్డ పడిన రోజు తరవాత ఆయన వీధిలో అడుగు పెట్టడం అదే మొదలు. ఆ పైగుడ్డే తలకు చుట్టుకున్నాడు. చంకలో ఖాళీ బిందె ఉంది. మనిషి బాగా తగ్గిపోయాడు, నడక మాత్రం చెరువు కట్ట మీద నడిచినట్టే ఉంది.

మునికృష్ణ ముందుగా పక్కకు తప్పుకున్నాడు. "పెద్దాయనా, ముందుకు రా" అని దారి చేశాడు. ఆయన వెనక అందరూ జరిగారు. ముందుకు తోసుకుని పోయిన ఇద్దరూ తలలు వంచుకుని వెనక్కి వచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఆ వంకర వరస చీలి, ఆయనకు ట్యాంకరు దాకా బాట ఏర్పడింది. కుప్పుస్వామి ఆ బాటలో నడిచి వచ్చి, ట్యాంకరు కింద నిలబడి, తల ఎత్తి కూతురి ముఖంలోకి చూశాడు. బతుకంతా ఆయన్ను అందరూ ఒకే మాట అడిగారు. చిన్న రైతులు, పెద్ద రైతులు, చేతులు కట్టుకున్నవాళ్ళు, దబాయించినవాళ్ళు. ఆ మాట ఆయన ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

"అమ్మా నీరుగట్టీ," అన్నాడు. "మా ఇంటి వంతు ఎప్పుడు?"

నాయన మాట్లాడాడు. గోడతో కాదు, దుప్పటిలోంచి కాదు, కాలనీ అంతా వింటుండగా తనతో మాట్లాడాడు. కోమలికి కిందికి దూకి ఆ బిందె లాక్కుని నింపేయాలనిపించింది. నింపితే కాదనేవాడు ఒక్కడు కూడా అక్కడ లేడు. "పెద్దాయనకు పోసెయ్ మ్మా, పోసెయ్" అని నలుగురు అంటున్నారు కూడా. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"కడాన నాయనా" అంది. "మనది కడాన."

కుప్పుస్వామి ఆమెను ఒక్క క్షణం చూశాడు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వరస పొడుగునా నడిచి, ఆఖరి డ్రమ్ము వెనక బిందె పెట్టి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎండ నెత్తిన ఉంది. మునికృష్ణ గొడుగు తెస్తే వద్దన్నాడు. ముందు తొట్టి నిండింది. కడ ఇంటి నుంచి ఒక్కొక్కరూ అరడ్రమ్ము నింపుకుని కదిలారు. ఆ పొద్దు వరసలో ఒక్కరు కూడా మాట పెంచలేదు.

ఆయన వంతు వచ్చేసరికి గొట్టంలోంచి సన్నటి ధార మాత్రమే వస్తోంది. బిందెను వాలుగా పట్టి, ఒక్క చుక్క బయట పడకుండా పట్టుకున్నాడు. సగం నిండింది. ధార చుక్కలైంది, చుక్కలు ఆగాయి. కుప్పుస్వామి తన చేత్తోనే ట్యాంకరు వాల్వు బిగించి, బిందె భుజానికెత్తుకున్నాడు. పంచేవాడే గానీ, ఇంటికి నీళ్ళు మోయడం ఆయనకు అదే మొదటిసారి. భుజం మీద బిందె కుదరక అటూ ఇటూ సర్దుకుంటున్నాడు.

గడపలో కూర్చుని అంతా చూస్తున్న జ్ఞానాంబ ఉండబట్టలేకపోయింది. కాలనీకి వచ్చినప్పటి నుంచి దాటేస్తున్న పిలుపు ఆమె నోటికి అప్పుడు దొరికింది.

"ఏమప్పా కుప్పుస్వామీ, ఇంత ఎండలో కన్న తండ్రినే కడాన కూసోబెట్టిందే నీ కూతురు!"

కుప్పుస్వామి ఆగాడు. బిందె కింద నుంచి ఆమెవైపు తల తిప్పాడు.

"కూసోబెట్టకుంటే అది నీరుగట్టి యెట్లయితాదమ్మా?" అన్నాడు.